పూర్వికుల ఊళ్ళను వెతికి పట్టుకోవడం ఎలా: శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల కుటుంబాలకు

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో వంశవృక్షం రాయడానికి పూనుకునేవారు సాధారణంగా పేర్లతో మొదలుపెట్టి, ముత్తాత తండ్రి దగ్గరకు వచ్చేసరికి ఆగిపోతారు. తాత పేరు మనవడికి పెట్టడం ఇక్కడి ఆనవాయితీ కాబట్టి ఒకే పేరు తరం విడిచి తరం తిరిగి వస్తుంది. ఒకే ఇంటిపేరు వేరువేరు కులాల్లో, ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేని కుటుంబాల్లో కనిపిస్తుంది. అందువల్ల పేరును పట్టుకుని వెనక్కి వెళ్ళడం కన్నా ఊరిని పట్టుకుని వెళ్ళడం మేలు. ఊరు తెలిస్తే అది ఆ కాలంలో ఏ జమీందారీ కింద, ఏ తాలూకాలో, ఏ జిల్లాలో ఉండేదో తేల్చుకోవచ్చు. అది తేలితే కాగితం ఏ కచేరీలో ఉండాలో తెలుస్తుంది. కాగితం దొరికితే పేరు దానంతటదే బయటపడుతుంది. ఈ వరుసను తలకిందులు చేసినవారు ఏళ్ళ తరబడి అక్కడక్కడే తిరుగుతూ ఉండడం నేను చూశాను.

ఇంట్లో దొరికే ఆధారాలు

మొదటి పని పెద్దవాళ్ళను కూర్చోబెట్టి అడగడం. అందులోనూ ఆడవాళ్ళను ముందుగా అడగాలి. మగవాళ్ళు చాలావరకు పుట్టిన ఊరిలోనే ఉండిపోయారు; ఊరు మారింది ఆడపిల్లలు. కాబట్టి ఏ ఊరికీ ఏ ఊరికీ మధ్య సంబంధాలు నడిచాయో వాళ్ళకే బాగా గుర్తుంటుంది. "మామ్మా, నీ కన్నోరిది ఏ ఊరు? మీ అమ్మ కన్నోరిది ఏ ఊరు?" అని అడిగితే రెండు ప్రశ్నల్లోనే మూడు తరాల ఊళ్ళు వస్తాయి. ఒక మనిషికి ముత్తాతలు, ముత్తవ్వలు కలిపి ఎనిమిది మంది. ఆ ఎనిమిది మందికీ ఎనిమిది ఊళ్ళు ఉండవచ్చు. ఇంటిపేరు వచ్చిన ఒక్క గొలుసునే వంశమనుకుని మిగిలిన ఏడింటినీ వదిలేయడం మన ఇళ్ళలో పాతుకుపోయిన అలవాటు, దాన్ని మొదటిరోజే మానుకోవాలి.

పెద్దలు చనిపోయిన ఇళ్ళలో కూడా కొన్ని ఆధారాలు మిగులుతాయి. తర్పణాలు విడిచే కుటుంబాల్లో తండ్రి, తాత, ముత్తాతల పేర్లతో పాటు తల్లివైపు తాత, ముత్తాత, ఆయన తండ్రి పేర్లు కూడా చెప్పుకునే సంప్రదాయం ఉంది. ఆ చిట్టా ఇంటి పురోహితుడి దగ్గర రాసి ఉండవచ్చు. పెళ్ళిలో ప్రవర చెప్పేటప్పుడు వరుడి వైపు మూడు తరాలు, వధువు వైపు మూడు తరాలు చెబుతారు కాబట్టి పాత శుభలేఖలను, లగ్నపత్రికలను పారేయకూడదు. ఇంటి ఇలవేల్పుకు ఏ ఊరిలో మొక్కు చెల్లిస్తారో అడగాలి. ఉన్న ఊరిలో గ్రామదేవత ఉండగా, కొన్నేళ్ళకొకసారి జరిగే పండగకు ఇంటిల్లిపాదీ ఇంకో ఊరికి వెళ్ళి వస్తున్నారంటే, పూర్వికులు ఆ రెండో ఊరి నుంచి వచ్చి ఉండడానికి ఎక్కువ అవకాశం ఉంది.

ఇంటిపేరే ఊరిపేరైతే అది ఇంకా పాత వలసకు గుర్తు కావచ్చు. మహాకవి గురజాడ అప్పారావు గారి జీవితమంతా విజయనగరంతో ముడిపడి ఉన్నా, ఆయన పూర్వికులు కృష్ణా జిల్లాలోని గురజాడ గ్రామం నుంచి ఈ వైపుకు వచ్చారు. ఆ సంగతిని ఇంటిపేరు ఈనాటికీ మోస్తోంది. అయితే ఇంటిపేరున్న ఊరు మ్యాపులో దొరికినంత మాత్రాన పని పూర్తయిందనుకోవద్దు. ఒకే పేరుతో ఊళ్ళు చాలా ఉంటాయి. కొత్తవలస, కొత్తూరు వంటి పేర్లు ఈ జిల్లాల్లోనే అనేకచోట్ల వినిపిస్తాయి. ఊరి పేరు ఎక్కడ రాసుకున్నా పక్కనే తాలూకా, జమీందారీ కూడా రాసుకోవాలి.

పాత జాతకాలు, తాటాకులు, శిస్తు రసీదులు ఉన్న ఇళ్ళకు తేదీల చిక్కు వస్తుంది. జాతకంలో "రక్తాక్షి సంవత్సరం" అని మాత్రమే ఉంటే అది 1864 కావచ్చు, 1924 కావచ్చు, 1984 కావచ్చు, ఎందుకంటే ఆ పేరు అరవై ఏళ్ళకొకసారి తిరిగి వస్తుంది. తిథి, వారం కలిపి చూస్తే ఏ ఆవృత్తమో తేలుతుంది. శాలివాహన శకానికి 78 కలపాలి. శిస్తు రసీదు మీద ఉండేది ఫసలీ సంవత్సరం. దానికి 590 కలిపితే ఆ జూలై నుంచి మొదలయ్యే సంవత్సరం వస్తుంది. ఫసలీ 1330 అంటే 1920 జూలై నుంచి 1921 జూన్ వరకు. ఇచ్ఛాపురం, మందస, టెక్కలి వైపు పాత కాగితాల్లో గజపతుల అంక సంవత్సరం (రాజు పాలన మొదలైన నాటి నుంచి లెక్కించే సంవత్సరం) కనిపిస్తే మరింత జాగ్రత్తగా ఉండాలి. ఆ లెక్కలో 1ని, 6తో ముగిసే అంకెలను, 10 తప్ప సున్నాతో ముగిసే అంకెలను వదిలేస్తారు కాబట్టి, కాగితం మీద ఉన్న అంక సంఖ్య ఎప్పుడూ నిజంగా గడిచిన ఏళ్ళ కన్నా ఎక్కువగానే ఉంటుంది.

ఆ ఊరు అప్పుడు ఏ జిల్లాలో ఉండేది

ఈ భాగాన్ని తొందరపడి దాటవేయవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. ఈ ప్రాంతంలో వెతుకులాట విఫలం కావడానికి అసలు కారణం ఇక్కడే ఉంది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు శ్రీకాకుళం, నరసన్నపేట, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం ప్రాంతాలు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేవి. ఆ రోజున గంజాం జిల్లాలో ఎక్కువ భాగం ఒరిస్సాకు వెళ్ళగా, ఈ దక్షిణపు ముక్క విశాఖపట్నం జిల్లాలో కలిసింది. పర్లాకిమిడి జమీందారీ రెండుగా చీలి, పట్టణమూ కొన్ని గ్రామాలూ అటు, పాతపట్నం వైపు గ్రామాలు ఇటు మిగిలాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా పుట్టింది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా, 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడ్డాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి.

ఇది ఒక్క ఊరికి అన్వయించి చూస్తే చిక్కు ఎంతటిదో అర్థమవుతుంది. నరసన్నపేట దగ్గరి గ్రామం 1936 వరకు గంజాం, 1950 వరకు విశాఖపట్నం, ఆ తర్వాత శ్రీకాకుళం. పార్వతీపురం దగ్గరి గ్రామం 1950 వరకు విశాఖపట్నం, 1979 వరకు శ్రీకాకుళం, 2022 వరకు విజయనగరం, ఇప్పుడు పార్వతీపురం మన్యం. రాజాం ప్రాంతం 1950లో విశాఖపట్నం నుంచి శ్రీకాకుళంలోకి వచ్చి, 2022లో విజయనగరంలోకి మారింది. ముత్తాత కాగితం కోసం ఇప్పటి జిల్లా కలెక్టరేటుకు వెళ్ళి "లేదు" అనిపించుకుని వచ్చినవారిలో చాలామంది వెళ్ళవలసింది అక్కడికి కాదు. గంజాం కాలపు దస్త్రాల్లో కొన్ని భువనేశ్వర్‌లోని ఒడిశా రాష్ట్ర పురాభిలేఖాలయంలో, మద్రాసు రాజధాని రెవెన్యూ బోర్డు దస్త్రాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు పురాభిలేఖాలయంలో ఉన్నాయి. పాత ఇంగ్లీషు దస్త్రాల్లో శ్రీకాకుళాన్ని చికాకోల్ అని, భీమునిపట్నాన్ని బిమ్లిపటం అని రాసేవారు కాబట్టి సూచికల్లో ఆ పేర్లతోనే వెతకాలి.

ఊరు ఏ తాలూకాలో ఉండేదో తేల్చుకోవడానికి 1951, 1961 జనగణనల జిల్లా చేతిపుస్తకాలు బాగా ఉపయోగపడతాయి. వాటిలో మనుషుల పేర్లుండవు గాని, తాలూకాల వారీగా గ్రామాల పట్టీలు ఉంటాయి. 1907లో వచ్చిన విశాఖపట్నం జిల్లా గెజిటీరు చదివితే ఏ వైపు ఏ జమీందారీ ఉండేదో మోటుగా అర్థమవుతుంది.

భూమి కాగితాలు

విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి, సాలూరు, కురుపాం, మేరంగి, టెక్కలి, మందస వంటి సంస్థానాల కింద ఉన్న గ్రామాల్లో రైతు పేరు చాలాకాలం సర్కారు లెక్కల్లో విడిగా కనిపించదు. 1802 నాటి శాశ్వత పైసలా (పర్మనెంట్ సెటిల్‌మెంట్) ప్రకారం జమీందారు మొత్తంగా పేష్కష్ (సర్కారుకు కట్టే స్థిరమైన కప్పం) కట్టేవాడు. ఏ రైతు ఎంత శిస్తు కట్టాడో జమీందారు కచేరీ చూసుకునేది. శ్రీకాకుళం, పాలకొండ తాలూకాల్లోని సర్కారు గ్రామాల పరిస్థితి వేరు, అక్కడ రైతువారీ (రైతు నేరుగా సర్కారుకు శిస్తు కట్టే పద్ధతి) లెక్కలు ముందునుంచే దొరుకుతాయి. అందుకే మీ ఊరు జమీందారీదా, సర్కారుదా అన్నది ముందే తేల్చుకోవాలి.

జమీందారీ గ్రామాలకు మూడు దశలుగా వెతకాలి. దగ్గరిది ముందు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక సర్వే, సెటిల్‌మెంటు జరిపి, ప్రతి సర్వే నంబరుకు ఎదురుగా పట్టాదారు పేరు రాసి సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ తయారుచేశారు. ఎస్‌.ఎఫ్‌.ఏ. అని పిలిచే ఈ రికార్డు నకలు తహశీల్దారు కార్యాలయంలో అడగవచ్చు. ఇవ్వడానికి తాత్సారం చేస్తే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు మీభూమిలో కనిపించే అడంగల్, 1బి పత్రాలు ఇప్పటి హక్కుదారులను చూపిస్తాయి, వంశం వెతకడానికి అవి మొదటి మెట్టు మాత్రమే. అంతకుముందరి దశలో 1908 నాటి ఎస్టేట్ భూముల చట్టం తర్వాత జమీందారు ఇచ్చిన పట్టాలు, రైతు రాసిచ్చిన ముచ్చిలికాలు (ఒప్పుకోలు పత్రాలు), శిస్తు రసీదులు ఉంటాయి; ఇవి పాత పెట్టెల్లో, అటకల మీద దొరకాలి. ఎస్టేటు మైనరు జమీందారు చేతికి వచ్చినప్పుడు కోర్ట్ ఆఫ్ వార్డ్స్ అనే ప్రభుత్వ విభాగం దాన్ని నడిపేది, ఆ ఏళ్ళ లెక్కలు ప్రభుత్వ దస్త్రాల్లో చేరాయి. అంతకన్నా వెనక్కి వెళ్ళడానికి కరణాల కవిలెకట్టలే (పాత గ్రామ లెక్కల కట్టలే) దిక్కు. 1984లో వంశపారంపర్య గ్రామాధికారులను రద్దు చేసినప్పుడు కొన్ని లెక్కలు తహశీలుకు చేరాయి, కొన్ని కరణాల ఇళ్ళలోనే ఉండిపోయాయి. ఆ ఇళ్ళవారిని మర్యాదగా కలిసి, కాగితం చూపించమని మాత్రమే అడగాలి, ఇమ్మని అడగకూడదు. ఇచ్ఛాపురం, టెక్కలి వైపు కరణాలుగా ఉన్న మహంతి, పట్నాయక్ ఇళ్ళలో లెక్కలు ఒడియా లిపిలో ఉండవచ్చు. బరంపురం వైపు నుంచి ఒడియా చదవగల పెద్దవారిని వెంట తీసుకువెళ్ళడం మంచిది.

వీటన్నిటికన్నా గొప్ప ఆధారం ఇనాం (శిస్తు లేకుండా లేదా తక్కువ శిస్తుతో దానంగా ఇచ్చిన భూమి) రిజిస్టరు, దీన్ని గురించి కొంత వివరంగా చెప్పాలి. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్‌ను నియమించి, ఎవరెవరికి ఏ ఇనాం భూమి ఏ హక్కుతో ఉందో విచారించింది. ఆ విచారణలో తయారైన ఇనాం ఫెయిర్ రిజిస్టరులో ఒక్కో ఇనాంకు ఒక్కో వరుస: ఊరు, విస్తీర్ణం, ఏ రకం ఇనాం, మొదట ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు, అతని వయస్సు, మొదటి గ్రహీతకు అతను ఏమవుతాడు. ఒక్క వరుసలోనే 1860ల నాటి మనిషి నుంచి 18వ శతాబ్దపు మనిషి వరకు సంబంధం కలుస్తుంది. 1862లో ఒకరి వయస్సు 55 అని ఉంటే అతను 1807 ప్రాంతంలో పుట్టినట్టు లెక్కగట్టవచ్చు. ఇది అగ్రహారీకులకే పరిమితమని భావించడం పొరపాటు. కరణాలకు, అర్చకులకు, వడ్రంగి, కమ్మరి, చాకలి, మంగలి వృత్తులవారికి, దేవాలయాల్లో వాయిద్యం చేసేవారికి కూడా సేవా ఇనాములు ఉండేవి. వారి పూర్వికులు చాలామంది సర్కారు కాగితంలో మొదటిసారి పేరుతో కనిపించేది ఇక్కడే. ఈ రిజిస్టరు నకలు కోసం జిల్లా కలెక్టరేటులో గ్రామం పేరు, పాత తాలూకా పేరు చెప్పి అడగాలి. చేతిరాత ఇంగ్లీషులో ఉంటుంది, పేర్ల వర్ణక్రమం అస్తవ్యస్తంగా ఉంటుంది. పేరును కళ్ళతో కాకుండా పైకి చదివి గుర్తుపట్టడం మేలు.

సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో మరో దారి ఉంది. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) 1983 నుంచే వస్తుంది గాని, పుస్తకాలు అంతకన్నా చాలా పాతవి. పేర్ల సూచిక ఒకటి, ఆస్తుల సూచిక ఒకటి విడివిడిగా ఉంటాయి. నిర్ణీత రుసుము కట్టి మొదటి పుస్తకపు (స్థిరాస్తి దస్తావేజుల పుస్తకపు) సూచికలు చూసే హక్కు ఎవరికైనా ఉంది. అమ్మకపు దస్తావేజుల కన్నా పంపకాల దస్తావేజులను ముందు వెతకాలి, ఎందుకంటే వాటిలో అన్నదమ్ములందరి పేర్లూ, తండ్రి పేరూ, ఎవరు ఏ ఊరిలో కాపురమున్నారో ఒకేచోట ఉంటాయి. వీలునామాలు, దత్తత అధికార పత్రాలు మూడో పుస్తకంలో ఉంటాయి. దస్తావేజు మొదటి పేరాలో "ఫలానా తాలూకా ఫలానా గ్రామ కాపురస్తుడు, ఫలానావారి కుమారుడు" అని రాసిన వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాసుకోండి. హద్దుల్లో రాసిన పక్క భూమివాళ్ళ పేర్లను కూడా రాసుకోవాలి, చాలాసార్లు వాళ్ళు దాయాదులే.

భూమి లేనివారు, దూరం వెళ్ళినవారు

భూమి కాగితాల మీదే ఆధారపడితే కూలి చేసి బతికిన కుటుంబాలు, మత్స్యకారులు, చేతివృత్తులవారు, అడవి ఊళ్ళవారు వెతుకులాటలో నుంచే పోతారు. వారి వంశాలకు కూడా అంతే లోతు ఉంది, కాగితం వేరేచోట ఉంటుంది, అంతే. గ్రామ పాఠశాల అడ్మిషన్ రిజిస్టరులో తండ్రి పేరు, ఊరు, పుట్టినతేదీ ఉంటాయి. 1951-52 నుంచి ఓటర్ల జాబితాలు ఉన్నాయి. బొబ్బిలి, శ్రీకాకుళం, టెక్కలి, పర్లాకిమిడిలలో కెనడియన్ బాప్టిస్టు మిషన్ పనిచేసింది. క్రైస్తవ కుటుంబాలకు సంఘపు బాప్తిస్మపు, వివాహపు రిజిస్టర్లు విలువైనవి. హిరమండలం రిజర్వాయరు కింద ఖాళీ అయిన ఊళ్ళవారికి భూసేకరణ ఫైళ్ళలో ఇంటింటి వివరాలు దొరుకుతాయి.

వలసలు ఈ ప్రాంతపు చరిత్రలో పెద్ద భాగం. 1866 కరువు గంజాం జిల్లాను తీవ్రంగా దెబ్బతీసింది. ఆ తర్వాత కళింగపట్నం, బారువ, భీమునిపట్నం రేవుల నుంచి రంగూన్‌కు వేలమంది కూలికి వెళ్ళారు. బర్మాకు వెళ్ళినవారు మేస్త్రీల (కూలీలను కూడగట్టే మధ్యవర్తుల) ద్వారా వెళ్ళారు కాబట్టి వారికి ప్రభుత్వ కూలిఒప్పంద పట్టీలు ఉండవు. 1942లో జపాను దాడితో తిరిగి వచ్చిన కుటుంబాల జ్ఞాపకాలే అక్కడ ప్రధాన ఆధారం. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేరు బర్మా నుంచి తిరిగి వచ్చినవారికి గుర్తుగా నిలిచింది. ఒప్పంద కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు (1860 నుంచి 1911 వరకు), ఫిజీకి (మద్రాసు రేవు నుంచి 1903 తర్వాత) వెళ్ళినవారి సంగతి ఇందుకు భిన్నం. ఓడ పట్టీల్లో మనిషి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, ఊరు అన్నీ రాశారు. దర్బన్‌లోనో సువాలోనో ఉన్న వారసుడు మీకు ఊరి పేరు పంపితే, అది వినికిడి మీద రాసిన వర్ణక్రమమని గుర్తుంచుకుని, ఆ ధ్వనికి దగ్గరగా ఉన్న ఊళ్ళన్నీ ఆ తాలూకా పట్టీలో చూడండి. ఖరగ్‌పూర్, టాటానగర్, కలకత్తా జనుపమిల్లుల వైపు వెళ్ళిన కుటుంబాలకు రైల్వే, మిల్లు సర్వీసు పుస్తకాల్లో స్వగ్రామం రాసి ఉంటుంది.

దేవాలయాలు, తీర్థాలు

గయ, పూరీ పండాల దగ్గర ప్రాంతాల వారీగా యాత్రికుల వహీలు (పేర్లు రాసుకునే పుస్తకాలు) ఉంటాయి. మీ జిల్లా పాత పేరు, ఊరు, ఇంటిపేరు చెప్పి మీ ప్రాంతపు పండా ఎవరో కనుక్కుని, పూర్వికుల పేర్లున్న పేజీని చూపించమని అడగాలి. దక్షిణ ముందుగా మాట్లాడుకోవాలి, పేజీని ఫోటో తీసుకోవడానికి అనుమతి అడగాలి. మీ వివరాలు కూడా రాయించి రావాలి, తర్వాతి తరం వచ్చి చూస్తుంది.

శ్రీముఖలింగం, శ్రీకూర్మం, సింహాచలం శాసనాల గురించి చాలామంది అడుగుతారు. మొదటి రెండింటి శాసనాలు దక్షిణ భారత శాసనాల 5వ సంపుటంలో, సింహాచలం శాసనాలు 6వ సంపుటంలో అచ్చయ్యాయి. మధ్యయుగంలో దీపాలకు, నైవేద్యాలకు దానాలు చేసినవారి పేర్లు, వారి ఊళ్ళ పేర్లు అందులో ఉన్నాయి. మీ ఊరి పేరు అక్కడ కనిపిస్తే ఆ ఊరు అప్పటికే ఉందని రూఢిగా చెప్పవచ్చు. మీ కుటుంబం అప్పటికే ఆ ఊరిలో ఉందని మాత్రం దానితో రుజువు కాదు. 1757 బొబ్బిలి యుద్ధంతోనో, 1794 పద్మనాభ యుద్ధంతోనో వంశాన్ని ముడిపెట్టే కథలు మన ఇళ్ళలో చాలా ఉన్నాయి. వాటిని గౌరవంగా రాసుకుని, కాగితంతో కలిసేవరకు వేరే పేజీలో ఉంచాలి.

రాసుకునే పద్ధతి

ఒక్కో ఊరికి ఒక పేజీ కేటాయించండి. పైన ఊరి పేరు, దాని కింద అది ఏయే ఏళ్ళలో ఏ జమీందారీలో, ఏ తాలూకాలో, ఏ జిల్లాలో ఉందో రాయండి. ఆ తర్వాత ఆ ఊరిలో మీవాళ్ళు ఉన్నట్టు చెప్పే ప్రతి ఆధారం, దాని తేదీ, అది ఎక్కడ చూశారో, ఎవరు చెప్పారో రాయండి. కాగితం చెప్పినది, పెద్దవాళ్ళు చెప్పినది, మీరు ఊహించినది మూడు వేరువేరు గడుల్లో ఉండాలి. రెండు వేరువేరు కాగితాలు ఒకే మనిషిని ఒకే ఊరిలో చూపిస్తే దాన్ని స్థిరపడినదిగా గుర్తించండి. ఒక్క మామ్మ మాట మాత్రమే ఉంటే ఆమె ఊరు, వయస్సు, చెప్పిన తేదీ రాసి పెన్సిలుతో ఉంచండి. ఏ గొలుసు ఏ ఊరి దగ్గర, ఏ సంవత్సరం దగ్గర ఆగిపోయిందో పేజీ చివర రాసి, ఇంకా చూడని కచేరీల పేర్లు దాని పక్కనే రాసిపెడితే, తమ్ముడో మేనల్లుడో తర్వాత ఈ పని చేపట్టినప్పుడు అక్కడి నుంచే మొదలుపెట్టగలుగుతారు.